గింజ వేసే తేదీని పూత నిర్ణయిస్తుంది: మిద్దె తోటలో నాటు టమాటా

(హైదరాబాద్‌లో మిద్దె తోటల వాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టినవాళ్లెవరైనా ముందు వేసేది టమాటానే. ఎక్కువ ఫిర్యాదులు వచ్చేదీ టమాటా మీదే. ఆ ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "చెట్టు ఏపుగా పెరిగిందండీ, పూత విరగబూసింది, ఒక్క పిందె నిలవలేదు." వెంటనే ఎరువు మారుస్తారు, మజ్జిగ పోస్తారు, బోరాన్ కొడతారు. తప్పు ఎరువులో ఉండదు. గింజ వేసిన తేదీలో ఉంటుంది. అందుకే రకాల పేర్ల జోలికి వెళ్లకముందే తేదీల సంగతి తేల్చుకుందాం.

టమాటా పువ్వు పిందె కట్టాలంటే రాత్రి చల్లదనం కావాలి. పగలు 32, 33 డిగ్రీలున్నా ఓర్చుకుంటుంది కానీ రాత్రి మాత్రం 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి 23, 24 దాటిందంటే పుప్పొడి చచ్చుబడుతుంది, పువ్వు రాలుతుంది. 12, 13 కంటే దిగినా అంతే. మన హైదరాబాద్‌లో రాత్రులు ఆ మోతాదులో ఉండేది అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి చివర వరకు. మార్చిలో అంచున ఉంటాం. ఏప్రిల్ వచ్చాక పెద్దకాయ రకాలకు ఆశ లేదు.

ఇంకో సంగతి. వేడి దెబ్బ తగిలేది విచ్చుకున్న పువ్వుకు కాదు. విచ్చుకోవడానికి వారం, పది రోజుల ముందు, మొగ్గలో పుప్పొడి తయారవుతున్నప్పుడు తగులుతుంది. పూత రాలుతోందని ఇవాళ నీడవల కడితే, దాని ఫలితం పది రోజుల తర్వాత విచ్చుకునే పువ్వుల్లో కనిపిస్తుంది. రెండు రోజులు చూసి "వల కట్టినా లాభం లేదు" అని విప్పేస్తారు చాలామంది. అలా విప్పకండి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టుకోండి. గింజ వేసిన దగ్గర నుంచి నారు నాటడానికి 25 నుంచి 30 రోజులు. నాటిన దగ్గర నుంచి మొదటి పూగుత్తికి ఇంకో 30, 35 రోజులు. అంటే గింజకీ పూతకీ మధ్య రెండు నెలలు, అటూ ఇటూగా. నవంబరు మొదట్లో పూత కావాలంటే ఆగస్టు ఆఖరుకల్లా గింజ మట్టిలో పడాలి. కార్తెలు తెలిసినవాళ్లు పుబ్బ కార్తె అని గుర్తు పెట్టుకోండి, ఆగస్టు 30 ప్రాంతంలో వస్తుంది. సెప్టెంబరు 20 వరకు ఫరవాలేదు. నవంబరులో వేస్తే పూత జనవరిలో వస్తుంది, కాయ ఊరేసరికి ఎండలు ముదురుతాయి.

విజయవాడ, కాకినాడ, విశాఖ వాళ్లకు లెక్క వేరు. అక్కడ నవంబరు రాత్రులు ఇంకా వెచ్చగానే ఉంటాయి, పైగా అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు. కాబట్టి ఉత్తర, హస్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు 10 లోపు గింజ వేసుకుని డిసెంబరులో పూత పట్టండి. మదనపల్లె చూసి పోల్చుకోకండి. అది 700 మీటర్ల ఎత్తు మీద ఉంది, అక్కడి రాత్రులు మనకు లేవు.

ఇక రకాలు. మార్కెట్లో దొరికే హైబ్రిడ్ గింజ ఒక తరానికే. దాని కాయ నుంచి తీసిన గింజ వేస్తే ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. సూటి రకాలు అలా కాదు, గింజ దాచుకుంటే తల్లి పోలికే వస్తుంది. పూసా రూబీ, అర్క వికాస్, పీకేఎం 1 ఇవన్నీ సూటి రకాలే, పరిశోధనా సంస్థలు విడుదల చేసినవి. నాటు అని మనం పిలిచేవి, విదేశాల్లో హెయిర్‌లూమ్ అనేవి, ఎవరో ఇంట్లోనో ఊళ్లోనో తరతరాలుగా గింజ దాస్తూ వచ్చినవి. అన్ని నాటు రకాలూ సూటి రకాలే. అన్ని సూటి రకాలూ నాటువి కావు.

మన ఊళ్లలో దొరికే చిన్న గీతల కాయ ఉందే, పలుచటి తొక్క, పుల్లటి రసం, అది పప్పుకీ పచ్చడికీ చారుకీ దీటులేనిది. వేడిని కూడా విదేశీ పెద్దకాయ కంటే బాగా తట్టుకుంటుంది. చెర్రీ రకాలూ అంతే. ఈ రెండూ జూన్, జులైలో వేసినా ఎంతో కొంత కాస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటితోనే మొదలుపెట్టండి.

విదేశీ పాతరకాల మీద మోజు ఉన్నవాళ్లకు: చెరోకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్, బ్రాండీవైన్ అని వింటుంటారు. చెరోకీ పర్పుల్ సంగతే చూడండి. అమెరికాలో టెనెసీ రాష్ట్రం నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన 1990లో క్రెయిగ్ లెహూలియర్ అనే తోటమాలికి కొన్ని గింజలు పోస్టులో పంపారు. ఆయన పెంచి, పేరు పెట్టి, విత్తన సంస్థలకు ఇచ్చారు. ఇప్పుడు మనం హైదరాబాద్‌లో వేసేది ఆ గింజల సంతతే. చేతులు మారుతూ వచ్చిన గింజ తరాలు మారినా రంగూ రుచీ మారకుండా ఉందంటే, టమాటా పువ్వు తనను తానే పరాగం చేసుకోవడం వల్ల. దాని గురించి గింజ దాచే దగ్గర మళ్లీ చెబుతాను. ఈ మూడింటిలో మన వాతావరణానికి బ్రాండీవైన్ కష్టం. ఆలస్యంగా కాస్తుంది, తక్కువ కాస్తుంది. ఇంటర్నెట్‌లో ఫోటో చూసి దానితో మొదలుపెట్టడం మాత్రం వద్దనే అంటాను.

నారు పోయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్రోట్రే, అంటే గుంటలుండే నారు ట్రే, ఉంటే మంచిది, లేకపోతే అడుగున కన్నం పెట్టిన కాగితం కప్పులు. మిశ్రమం: కడిగిన కోకోపీట్ రెండు పాళ్లు, జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు ఒక పాలు. మట్టి కలపొద్దు, గట్టిపడుతుంది. కోకోపీట్ కడగమని ఎందుకంటున్నానంటే, కొబ్బరి పీచు పొట్టులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టాలి. రెండు మూడు సార్లు. ఇటుకలా వచ్చే దిమ్మ మీద "కడిగినది" అని రాసి ఉన్నా ఒకసారి కడగండి.

గింజ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతులో పెట్టాలి. కప్పుకు రెండు గింజలు. పైన పల్చగా కప్పి, స్ప్రే సీసాతో తడపండి. ఆగస్టు, సెప్టెంబరు వేడికి ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలుస్తుంది. మొలిచేదాకా తడి ఆరకూడదు, మొలిచాక పైన కొంచెం ఆరాలి. ఈ తేడా పాటించకపోవడం వల్లే నారుకుళ్లు వస్తుంది: నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మట్టి దగ్గర సన్నబడి, నీళ్లు పీల్చినట్టు మెత్తబడి పడిపోతుంది. పడినదాన్ని బతికించలేం. కాబట్టి ముందే వర్మీకంపోస్టు కిలోకు ఒక చెంచా ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం పొడి) కలిపి, నాలుగైదు రోజులు తడిగా నీడలో ఉంచి వాడండి. నీళ్లు ఉదయం పూటే. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలుస్తుంది.

మొలక తల ఎత్తిన రోజే వెలుతురులోకి రావాలి. కిటికీ దగ్గర పెట్టి రెండు రోజులు మరిచిపోతే కాడ సన్నగా సాగి వాలిపోతుంది. అలా సాగినా పారేయకండి. టమాటా కాడ మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. రెండు అసలు ఆకులు వచ్చాక పెద్ద కప్పులోకి మార్చేటప్పుడు, మొదట వచ్చిన జంట ఆకుల దాకా కాడను పూడ్చేయండి.

నారు మీద వల తప్పనిసరి. దోమతెర పనికిరాదు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ వెళ్లిపోతుంది. అంగుళానికి 40 నుంచి 50 కన్నాలుండే పురుగు వల అని అడిగి తెచ్చుకోండి. ఎందుకింత పట్టుదల అంటే, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమే. నాటిన నెలన్నర తర్వాత ఆకుముడత వస్తే సగం కాపైనా చేతికొస్తుంది. నారు దశలో సోకితే ఆ మొక్క పొట్టిగా, ముడుచుకుని ఉండిపోతుంది. దానికి మందు లేదు. వేపనూనె కొడితే దోమ తగ్గుతుందేమో గానీ లోపలికి వెళ్లిన వైరస్ పోదు. అందుకే నాటే రోజు వరకూ నారు వల కిందే ఉండాలి. చివరి వారం మాత్రం నీడలోంచి తీసి, వల తీయకుండానే, రోజుకు కొంచెం ఎక్కువ ఎండ చూపించి గట్టిపరచండి.

కుండీ విషయంలో పిసినారితనం పనికిరాదు. చెర్రీ, నాటు చిన్నకాయలకు 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు గ్రో బ్యాగు చాలు. పెద్దకాయ తీగ రకాలకు 18 కి 18 కావాలి. అది నింపి తడిపితే 60, 70 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దె కప్పును మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల బరువుకు లెక్కగట్టి కడతారు. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించండి. ఎలాగైనా బ్యాగులు మధ్య స్లాబ్ మీద గుంపుగా కాకుండా గోడల మీదుగా, దూలాల మీదుగా వరసల్లో పెట్టండి.

మట్టి మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు. పెద్ద బ్యాగుకు వేపపిండి 200 గ్రాములు, ఎముకల పొడి 100 గ్రాములు. ఇవన్నీ కలిపి తడిపి రెండు వారాలు ఊరనివ్వాలి. తొందరపడితే వేపపిండి కుళ్లే వేడికి లేత వేళ్లు మాడతాయి. పచ్చి పేడ కలపొద్దు. కోళ్ల ఎరువు మోతాదు మించితే ఆకు మాత్రం అరటాకంత అవుతుంది, పూత రాదు.

నాటేటప్పుడు కింది ఆకులు గిల్లి, కాడ మూడింట రెండొంతులు మట్టిలోకి పోయేలా నాటండి. బ్యాగుకు ఒక్క మొక్కే. ఊతకర్ర అదే రోజు పాతేయండి, తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి. తీగ రకాలకు ఆరడుగుల కర్ర కావాలి. పక్క పిలకల్లో మొదటి పూగుత్తి కింద ఉన్న ఒకదాన్ని ఉంచి, మిగతావి వేలెడు పొడవు కాకముందే గిల్లండి. రెండు కాండాలు చాలు. చల్లటి దేశాల వీడియోల్లో ఆకులన్నీ కత్తిరించి కాయల్ని ఎండకు చూపిస్తుంటారు. మనం అలా చేస్తే ఫిబ్రవరి ఎండకు కాయ భుజం మీద తెల్లటి మచ్చ పడి తోలులా అవుతుంది. నేల నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు తీసేయండి, ఆకుమాడు తెగులు అక్కడి నుంచే ఎక్కుతుంది. కాయల మీద నీడ మాత్రం ఉంచండి.

పువ్వు దగ్గరికి వద్దాం. ఉదయం తొమ్మిది, పది గంటలప్పుడు విచ్చుకున్న పువ్వును వేలితో పైకెత్తి చూడండి. పసుపు రేకుల మధ్య కేసరాలన్నీ కలిసిపోయి ఒక గొట్టంగా ఉంటాయి. కీలం, అంటే పుప్పొడి అందుకునే ఆడభాగం, ఆ గొట్టం లోపల ఉంటుంది. గొట్టం కదిలితే పుప్పొడి లోపలే రాలి కీలం మీద పడుతుంది. పొలంలో గాలికీ, ఝుమ్మని అదిరే తేనెటీగలకూ ఆ పని అవుతుంది. మన ఇళ్ల మామూలు చిన్న తేనెటీగ అలా అదరలేదు. చుట్టూ పిట్టగోడ ఉంటే గాలీ ఆడదు. కాబట్టి పది, పదకొండు గంటల మధ్య ఊతకర్రను వేలితో రెండు దెబ్బలు కొట్టండి. బ్యాటరీ టూత్ బ్రష్ ఉంటే పూగుత్తి కాడకు వెనక నుంచి ఆనించండి చాలు, పుప్పొడి పొగలా రాలడం కనబడుతుంది. వాన ముసురులో పుప్పొడి ముద్దకట్టి రాలదు, ఆ రోజు కొట్టినా లాభం లేదు.

అలాగే పూకాడ మధ్యలో ఒక కణుపు ఉంటుంది, చూడండి. పువ్వు రాలబోతుంటే ముందు పసుపెక్కేది అక్కడే. కణుపు పచ్చగా ఉండి, రేకులు ఎండి వెనక్కి ముడుచుకున్నాయంటే పిందె కట్టినట్టే.

కొందరు పూత నిలవడానికి హార్మోను మందులు కొడుతుంటారు. కాయ నిలుస్తుంది, కానీ గింజ కట్టకపోవచ్చు, లోపల డొల్లగా ఉండొచ్చు. విత్తనం కోసం పెంచే చెట్టుకు అది వద్దు.

పిందె కట్టాక నీళ్లే అసలు పరీక్ష. కాయ అడుగున, పూత ఉన్న వైపు, గోధుమరంగు మచ్చ మొదలై నల్లగా కుళ్లినట్టు అణిగిపోతుంది. అందరూ కాల్షియం లోపమంటారు, నిజమే. మట్టిలో కాల్షియం లేక కాదు గానీ. హైదరాబాద్ బోరు నీళ్లలో సున్నం కావలసినంత ఉంది, కుండీ అంచున తెల్లగా పేరుకునేది అదే. కాల్షియం నీళ్లతో పాటే కాయలోకి వెళుతుంది. ఒక రోజు ఎండగట్టి మర్నాడు బకెట్ పోస్తే మధ్యలో అందదు. గుడ్డుపెంకుల పొడి వేశామంటారు, అది కరిగేసరికి ఈ పంట అయిపోతుంది. నీళ్లు రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో పోయడమే మందు. నిండా పెరిగిన మొక్కకు డిసెంబరులో రోజుకు రెండు లీటర్లు, ఫిబ్రవరిలో మూడు, నాలుగు. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ పరవండి.

కాయ పగలడమూ నీళ్ల తేడా వల్లే. నాటు రకాల తొక్క పల్చన, హైబ్రిడ్‌లాగా తట్టుకోదు. ఒక ఉపాయం ఉంది: కాయ అడుగున రంగు తిరగగానే, దోరగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో పళ్లెంలో పెట్టుకోండి. రుచికి నష్టం లేదు. ఎండాకాలంలో ఇంకా మంచిది. 30, 32 డిగ్రీలు దాటితే ఎరుపు రంగు పదార్థం తయారవదు, చెట్టు మీద ఎన్నాళ్లు ఉంచినా భుజాలు పసుప్పచ్చగానే ఉంటాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, వాసనా రుచీ రెండూ పోతాయి.

పురుగుల గురించి ఎక్కువ సేపు చెప్పను. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, తామరపురుగులకు నీలం అట్టలు. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లలో చిలికి, సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. కాయతొలుచు పురుగుకు నాలుగు బంతి మొక్కలు ముందే పెంచి పెట్టుకోండి, తల్లి పురుగు వాటి పూల మీద గుడ్లు పెడుతుంది. ఆ పూలను గమనించి పురుగు పట్టినవి తీసేయకపోతే మళ్లీ అదే పురుగు మీ కాయల మీదకు వస్తుంది. ఆకుల్లో పెద్ద పెద్ద పొక్కుల్లాంటి తెల్ల మచ్చలు, కాయ తొడిమ దగ్గర సూది కన్నాలు కనబడితే అది 2014లో మహారాష్ట్రలో బయటపడి దేశమంతా పాకిన టూటా పురుగు. ఆ ఆకులు కంపోస్టులో వేయకండి. కవరులో కట్టి రెండు రోజులు ఎండలో పడేయండి.

ఇప్పుడు గింజ దాచడం. ఈ పని చేయకపోతే నాటు రకం పెంచడంలో సగం అర్థం పోతుంది.

మంచి కాయను చూసి గింజ తీయొద్దు, మంచి చెట్టును చూసి తీయండి. ఆకుముడత రాని చెట్టు, మిగతావాటి కంటే ముందు పిందె కట్టిన చెట్టు, జనవరి దాటినా కాస్తున్న చెట్టు. దానికి ఎర్ర దారం కట్టి ఇంట్లో అందరికీ చెప్పండి, లేకపోతే ఆ కాయలే ముందు పప్పులోకి పోతాయి. కుదిరితే ఒకే రకం ఐదారు మొక్కల నుంచి కలిపి తీయండి.

టమాటా స్వపరాగమే అయినా వందకు రెండో, ఐదో పువ్వుల్లో పక్క రకం పుప్పొడి పడొచ్చు. బంగాళాదుంప ఆకులాంటి ఆకులుండే రకాల్లో, అంటే బ్రాండీవైన్ లాంటివాటిలో, కీలం గొట్టం బయటికి పొడుచుకు వస్తుంది, అక్కడ కలగలుపు ఎక్కువ. పెద్దకాయ రకాల్లో మొట్టమొదటి పువ్వు ఒక్కోసారి రెండు మూడు పువ్వులు అతుక్కున్నట్టు వెడల్పుగా వస్తుంది. దాని గింజ కూడా వద్దు, అదే కారణం. రెండో, మూడో గుత్తి తీసుకుని, మొగ్గ విచ్చకముందే, పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులు పెట్టిచ్చే పల్చటి ఆర్గంజా సంచి తొడగండి. రోజూ సంచి మీద నుంచే వేలితో తట్టండి. పిందె కట్టాక సంచి తీసి, ఆ కాడకు దారం కట్టేయండి.

కాయను చెట్టు మీదే మెత్తబడేదాకా వదలండి. అడ్డంగా కోసి, గింజా రసమూ కలిపి గాజు గ్లాసులోకి పిండండి. గింజ చుట్టూ నానిన సబ్జా గింజకు ఉన్నట్టు జిగురు పొర ఉంటుంది. కాయ లోపల తడిలో గింజ మొలకెత్తకుండా ఆపేది ఆ జిగురూ, రసమే. ఆ పొర పోవడానికే పులియబెట్టడం. నీళ్లు కలపొద్దు, రసం మరీ తక్కువైతే ఒక చెంచా చాలు. గుడ్డ కట్టి నీడలో పెట్టండి. గ్లాసు మీద రకం పేరు అప్పుడే రాసి అంటించండి, మూడు గ్లాసులు పక్కపక్కన పెట్టాక ఏది ఏదో ఎవరికీ తెలియదు.

మర్నాడు సన్నటి బుడగలు లేస్తాయి. రెండో రోజు పైన తెల్లటి మీగడలాంటి బూజు పొర కడుతుంది, వాసన ఇంట్లో వాళ్లు గొణిగేంత ఉంటుంది, బాల్కనీలో పెట్టుకోండి. పూటకోసారి పుల్లతో కలపాలి. వేలితో రెండు గింజలు రుద్ది చూస్తే జారుడు పోయి గరుకుగా తగిలిందంటే అయిపోయినట్టు. వేడి రోజుల్లో రెండు రోజులు, చలికాలంలో మూడు. అంతకు మించితే గింజ గ్లాసులోనే మొలకెత్తుతుంది. గ్లాసు నిండా నీళ్లు పోసి కలిపి ఒక నిమిషం ఆగండి. గట్టి గింజ అడుక్కి దిగుతుంది, తాలు, గుజ్జు పైకి తేలతాయి. పైది వంచేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు ఇదే పని. తర్వాత టీ వడగట్టులో వేసి పంపు కింద రుద్దండి.

ఆరబెట్టేది పింగాణీ పళ్లెంలో. న్యూస్ పేపరు, టిష్యూ మీద వేస్తే అతుక్కుని ఊడదు. ఫ్యాను కింద నీడలో ఒక్క వరసగా పరిచి, సాయంత్రానికి ఒకసారి వేళ్లతో విడదీయండి, లేదంటే ఉండకట్టి లోపల తడి ఉండిపోతుంది. మిద్దె మీద ఎండలో పోస్తే కాలే స్లాబుకు గింజ లోపల ఉడికిపోతుంది. వారం రోజులు ఆరాక ఒక గింజ వంచండి. వంగితే ఇంకా తడి ఉంది, పుటుక్కున విరగాలి.

కాగితం కవరులో పోసి, రకం, నెల, సంవత్సరం రాసి, గాలి చొరని సీసాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. బయటికి తీసినప్పుడు సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, చెమ్మ పడుతుంది. ఇలా ఉంచితే నాలుగైదేళ్లు బాగానే మొలుస్తుంది. పాత గింజ ఎవరికైనా ఇచ్చే ముందు 20 గింజలు తడి గుడ్డలో చుట్టి పది రోజులు చూడండి. 14 మొలిస్తే 70 శాతం. సగం కూడా రాకపోతే ఇవ్వకండి, తీసుకున్నవాళ్లు తమ చేతిదే తప్పనుకుంటారు.

పులియబెడితే బ్యాక్టీరియా కొంత పోతుంది, వైరస్ పోదు. ఆకుల మీద ముదురు లేత పచ్చ మచ్చలు కలగలిసి ఉన్న చెట్టు గింజ అసలు దాచొద్దు, మొజాయిక్ వైరస్ గింజతో వెళుతుంది. అనుమానం ఉన్న అరుదైన రకమైతే ట్రైసోడియం ఫాస్ఫేట్ 10 శాతం ద్రావణంలో 15 నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టండి, చేతికి తొడుగులు వేసుకోండి. బీడీ, సిగరెట్, ఖైనీ అలవాటున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోకుండా మొక్కను ముట్టొద్దు. ఆ వైరస్ పొగాకులో బతికే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. అడగండి.

ప్రశ్న: సార్, సూపర్ మార్కెట్లో కొన్న పండు గింజ వేస్తే రాదా?

వస్తుందమ్మా, మొలవడానికి ఇబ్బంది లేదు. అది దాదాపు హైబ్రిడ్ పండే. పది మొక్కలు వేస్తే పది రకాలుగా ఉండొచ్చు, తెగులు తట్టుకునే గుణం కొన్నిటికి పోతుంది. కూర కోసమైతే వేసుకోండి. దాన్ని నాటు గింజ అని మాత్రం పంచకండి.

ప్రశ్న: పచ్చగా, బాగా కాస్తున్న చెట్టు మూడు రోజుల్లో వాడిపోయిందండీ. నీళ్లు పోసినా లేవలేదు. ఆకు పసుపు కూడా కాలేదు.

అది చాలావరకు బ్యాక్టీరియా వడలు తెగులు. నిర్ధారించుకోవాలంటే కాండం అడుగు భాగం నుంచి నాలుగు అంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో నీళ్లలో నిలబెట్టండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి దారం కిందికి దిగితే అదే. చెట్టునీ మట్టినీ తీసేయాలి, ఆ మట్టిలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప మళ్లీ వేయకూడదు. ఆకుకూరలకు వాడుకోండి. నీళ్లలో ఏమీ రాకపోతే వేరు కడిగి చూడండి, బుడిపెలుంటే నులిపురుగులు. ఏటా ఇదే జరుగుతుంటే తట్టుకునే వంగ మొదలు మీదో, ఉస్తి (వంగ జాతి అడవి మొక్క) మొదలు మీదో టమాటా అంటు కట్టిన నారు కొన్ని నర్సరీలు అమ్ముతున్నాయి. అంటు పైన పెరిగేది మీ నాటు రకమే కాబట్టి గింజకు ఏ తేడా రాదు. నాటేటప్పుడు మాత్రం అతుకు మట్టికి పైనే ఉండాలి. ఇందాక కాడ పూడ్చమన్నాను కదా, అంటు మొక్కకు ఆ పని చేయొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఇక్కడి నాటు గింజ పంపమంటోంది. అక్కడ ఎప్పుడు వేయాలి?

పంపకండమ్మా. టమాటా, మిరప గింజల మీద అమెరికా వ్యవసాయ శాఖ 2019 నుంచి ఒక కొత్త వైరస్ భయంతో కట్టుదిట్టం చేసింది. పత్రాలు లేకుండా కవర్లో పెడితే పట్టుకుని పారేస్తారు. అక్కడి నుంచి ఇక్కడికి తేవడానికీ అనుమతి కావాలి. అక్కడే పాతరకాల గింజ ఇచ్చిపుచ్చుకునే సంఘాలున్నాయి, 1975లో మొదలైన సీడ్ సేవర్స్ ఎక్స్చేంజ్ అందులో పెద్దది. పుల్లటి చిన్నకాయ రకాలు అక్కడా దొరుకుతాయి. తేదీ లెక్క మాత్రం మీరు చెప్పొచ్చు: డాలస్‌లో మంచు భయం మార్చి మధ్యకు పోతుంది, జూన్ మధ్య నుంచి రాత్రులు మనకంటే వేడి. ఆ రెండింటి మధ్య పూత రావాలి. అంటే జనవరి చివర్లో ఇంట్లో లైటు కింద గింజ వేసి, మార్చి రెండో సగంలో బయట నాటాలి. ఏప్రిల్ చివర్లో పూత, జూన్‌లో కాయ.